చల్లని దక్షిణ సముద్రంలో టూత్‌ఫిష్ వేట: ఒక రోజు పని, పాటించే నియమాలు, మనం గమనించాల్సినవి

ఏటా ఏప్రిల్ రెండో వారం రాగానే తీర మండలాల సమావేశాల్లో నాకు ఒకే ప్రశ్న ఎదురవుతుంది. "చేప సముద్రంలో పుడుతుంది, సముద్రంలోనే పెరుగుతుంది. ఎప్పుడు పట్టాలో, ఎంత పట్టాలో మీరు కాగితం మీద రాస్తే చేపకు తెలుస్తుందా సారూ?" అని పెద్ద వయసు మత్స్యకారులు అడుగుతుంటారు. ఈ మధ్య కుర్రవాళ్లు ఇంకో ప్రశ్న వేస్తున్నారు. విదేశీ బోట్లలో పని ఉందని, డాలర్లలో జీతమని ఎవరో చెప్పారట, వెళ్లవచ్చా అని. ఈ రెండు ప్రశ్నలకూ పనికొచ్చే వేట ఒకటి ప్రపంచంలో ఉంది. అంటార్కిటికాకు దగ్గరగా, గడ్డకట్టే చలిలో, కిలోమీటరుకు పైగా లోతులో సాగే టూత్‌ఫిష్ వేట అది. ఒకప్పుడు దొంగ బోట్ల వల్ల ఆ చేప అంతరించే స్థితికి వచ్చింది. ఇప్పుడు ప్రపంచంలో అత్యంత కట్టుదిట్టంగా సాగే వేటల్లో అదొకటి. ఆ బోటులో ఒక రోజు ఎలా గడుస్తుందో తెలిస్తే కాగితం మీద రాసిన నియమం చేపను ఎలా కాపాడుతుందో అర్థమవుతుంది.

ఎక్కడ సాగుతుంది

దక్షిణ అట్లాంటిక్ మహాసముద్రంలో, ఫాక్‌లాండ్ దీవులకు తూర్పున సుమారు 1,400 కిలోమీటర్ల దూరంలో సౌత్ జార్జియా అనే దీవి ఉంది. భూమధ్యరేఖకు దక్షిణంగా 54 డిగ్రీల దగ్గర ఉంటుంది. అక్కడ ఉండేవి మంచు కొండలు, పెంగ్విన్లు, సీల్ జంతువులు. శాశ్వతంగా కాపురం ఉండే జనం లేరు. బ్రిటన్ పాలనలో ఉన్న ఈ దీవిలో అధికారులు, శాస్త్రవేత్తలు మాత్రం వంతులవారీగా పనిచేస్తారు.

మనకు ఎండలు మండే మే, జూన్ నెలలు వాళ్లకు శీతాకాలం. జూన్‌లో పగలు 7 గంటలే ఉంటుంది. ఉదయం 9 గంటల ప్రాంతంలో సూర్యుడు కనిపించి, సాయంత్రం 4 గంటలకల్లా దిగిపోతాడు. బంగాళాఖాతంలో ఎండాకాలం పైనీటి వేడి 29, 30 డిగ్రీలుంటే, అక్కడ 0 నుంచి 2 డిగ్రీల మధ్యలో ఉంటుంది. పెద్ద గాలి లేచిన రోజు డెక్కు మీద పడిన నీటి తుంపర పడినచోటే గడ్డకడుతుంది. ఆ మంచు బరువుకు బోటు ఒరిగిపోకుండా సుత్తులతో కొట్టి రాల్చాల్సి వస్తుంది.

ఇంత చలిలో, చీకట్లో ఎందుకు వెళతారు, వేసవిలో వెళ్లవచ్చు కదా అనిపిస్తుంది. అది వాళ్లు కోరుకున్న కాలం కాదు. నియమం పెట్టిన కాలం. కారణం కింద చెబుతాను.

చేప స్వభావం

టూత్‌ఫిష్ అంటే పళ్ల చేప అని అర్థం. ఇందులో రెండు రకాలున్నాయి. సౌత్ జార్జియా చుట్టూ ఎక్కువగా దొరికేది పటగోనియా టూత్‌ఫిష్. ఇంకా దక్షిణాన, అంటార్కిటికా మంచు అంచుల్లో దొరికేది అంటార్కిటిక్ టూత్‌ఫిష్. రెండో దాని రక్తంలో గడ్డకట్టకుండా ఆపే ప్రత్యేకమైన ప్రొటీన్లు ఉంటాయి. అందుకే సున్నా కన్నా దిగువ ఉన్న ఉప్పునీటిలోనూ బతుకుతుంది.

అమెరికా, జపాన్, చైనా మార్కెట్లలో దీని మాంసానికి మంచి ధర. తెల్లగా, నూనె పట్టి, మెత్తగా ఉంటుంది. పళ్ల చేప అంటే కొనేవాళ్లు ముఖం తిప్పుకుంటారని 1977లో లీ లాంట్జ్ అనే అమెరికా దిగుమతిదారు దీనికి చిలియన్ సీ బాస్ అని పేరు పెట్టాడు. మన పండుగప్పను కూడా ఏషియన్ సీ బాస్ అంటారు కాబట్టి రెండూ ఒక జాతివే అనుకునే ప్రమాదం ఉంది. వాటికి ఏ చుట్టరికమూ లేదు.

ఈ చేప 2 మీటర్లకు పైగా పొడవు, 100 కిలోలకు పైగా బరువు పెరగగలదు. 50 ఏళ్ల వరకు బతుకుతుంది. గుడ్లు పెట్టే వయసు రావడానికి సుమారు 10 ఏళ్లు పడుతుంది. మన వనామీ రొయ్య నాలుగు నెలల్లో పట్టుబడికి వస్తుంది. కట్ల, రోహు ఏడాదిలో అమ్మకానికి వస్తాయి. కవళ్లు ఏడాది తిరగకముందే గుడ్లు పెడతాయి. వాటిని వరి పైరుతో పోల్చవచ్చు, ఒక కారు పోయినా మరో కారు చూసుకోవచ్చు. టూత్‌ఫిష్ తాటిచెట్టు లాంటిది. తాత నాటితే మనవడు కాయ తింటాడు. తాటితోపును ఒక్క వేసవిలో నరికేస్తే మళ్లీ రావడానికి ఎంత కాలం పడుతుందో ఈ చేపకూ అంతే.

ఇంకో విశేషం ఉంది. చాలా చేపలకు పొట్టలో గాలి తిత్తి ఉంటుంది. లోతు నుంచి ఒక్కసారిగా పైకి లాగితే అది ఉబ్బి చేప చచ్చిపోతుంది. టూత్‌ఫిష్‌కు గాలి తిత్తి లేదు. ఒంట్లోని కొవ్వే దాన్ని నీటిలో తేలికగా ఉంచుతుంది. అందుకే కిలోమీటరున్నర లోతు నుంచి లాగినా ప్రాణంతో పైకి వస్తుంది. దీని ఉపయోగం ముందు ముందు తెలుస్తుంది.

రోజు సాయంత్రం మొదలవుతుంది

ఈ బోట్లు 40 నుంచి 60 మీటర్ల పొడవుంటాయి. వలలు వాడరు. లాంగ్‌లైన్ వాడతారు. అంటే పొడవైన ఒక పెద్ద తాడుకు వరసగా చిన్న తాళ్లు, ఒక్కో చిన్న తాడు చివర ఒక గాలం. గాలానికీ గాలానికీ మధ్య సుమారు 1.4 మీటర్లు అనుకుంటే 10 వేల గాలాలకు తాడు 14 కిలోమీటర్లు అవుతుంది. మన తీరంలో సొరలకు, వంజరాలకు వేసే గాలాల తాడు తెలిసినవారికి పద్ధతి కొత్తకాదు, కొలతే కొత్త.

సాయంత్రం పూర్తిగా చీకటి పడ్డాకే తాడు వదలడం మొదలవుతుంది. ఐసులోంచి తీసి మెత్తబరిచిన స్క్విడ్ ముక్కలు గానీ కానాగంత వంటి చేప ముక్కలు గానీ ఎరగా వాడతారు. చాలా బోట్లలో గాలానికి ఎర గుచ్చేది యంత్రమే. బోటు ముందుకు సాగుతుంటే తాడు వెనుక నుంచి నీటిలోకి జారిపోతుంది. తాడు చివర్లకు లంగరు, పైన తేలే బోయా కడతారు. డెక్కు మీద లైట్లు మనుషులు పని చేసుకోవడానికి, భద్రతకు అవసరమైనంత మేరకే ఉంచుతారు. కళాసీలు ఆ వెనుక తలుపు దగ్గర, అలలు ఎగిసిపడేచోట నిలబడతారు. గాలం బట్టకు తగులుకుంటే మనిషిని కూడా తాడు లాక్కుపోతుంది. ఈ పనిలో పరధ్యానం పనికిరాదు.

తాడు ఎక్కడ పడితే అక్కడ వేయకూడదు. సౌత్ జార్జియా నీళ్లలో 700 మీటర్ల కన్నా తక్కువ లోతులో గానీ, 2,250 మీటర్ల కన్నా ఎక్కువ లోతులో గానీ ఈ వేట నిషేధం. తక్కువ లోతులో పిల్ల టూత్‌ఫిష్ పెరుగుతుంది. మన నదీముఖాల్లో, మడ అడవుల్లో రొయ్య పిల్ల పెరిగినట్లే ఇదీ. నేల మీద చల్లని నీటి పగడాలున్న కొన్ని ప్రాంతాలను పూర్తిగా మూసేశారు. బోటు ఎక్కడుందో ఉపగ్రహం ద్వారా అధికారులకు ఎప్పటికప్పుడు తెలుస్తూనే ఉంటుంది.

తాడు నీటి అడుగున గంటల తరబడి ఉండాలి. ఈలోగా అంతకుముందు వేసిన తాడును లాగడం మొదలుపెడతారు.

లాగడం, లెక్క రాయడం

బోటు పక్కన తలుపు తెరిచి వించితో తాడు పైకి లాగుతారు. కొత్త బోట్లలో బోటు మధ్యలోనే అడుగుకు తెరుచుకునే బావి లాంటి ఏర్పాటు ఉంటుంది. అలలు మనుషుల మీద పడకుండా అక్కడి నుంచే లాగుతారు. తలుపు దగ్గర ఒకడు పొడుగాటి కొక్కెంతో నిలబడి, చేప నీటి పైకి రాగానే తగిలించి లోపలికి లాగుతాడు. చాలా గాలాలు ఖాళీగా వస్తాయి. వచ్చిన చేపల్లో ఎక్కువ భాగం కొన్ని కిలోలవే ఉంటాయి. అప్పుడప్పుడు మనిషంత చేప వస్తే ఇద్దరు ముగ్గురు పట్టాలి.

గాలానికి టేకు చేపలు కూడా పడతాయి. వాటిని లోపలికి తీసుకోరు. బతికే స్థితిలో ఉంటే నీటి దగ్గరే గాలం నుంచి విడిపించి, లేదా తాడు తెంపి వదిలేయాలని నియమం. లోతునీటి గ్రెనేడియర్ చేపలు కూడా పడుతుంటాయి. ఇలా కోరుకోని చేప ఒక జాతిది ఒక్క తాడుకే ఒక టన్ను దాటితే బోటు కనీసం 5 నాటికల్ మైళ్లు, అంటే 9 కిలోమీటర్లకు పైగా దూరం జరగాలి. 5 రోజుల దాకా అక్కడికి తిరిగి రాకూడదు. నష్టమైనా సరే.

ఆ తలుపు దగ్గర నిలబడేవాళ్లలో ఒకరు వేటగాడు కాదు. ఆయన శాస్త్రీయ పరిశీలకుడు. ప్రతి బోటులోనూ తప్పనిసరిగా ఉంటాడు. గాలాలు లెక్కపెడతాడు, చేప పొడవు, బరువు, ఆడా మగా రాస్తాడు, తలలోని చిన్న చెవి ఎముకను తీసి భద్రపరుస్తాడు. చెట్టు కాండంలో వలయాలు లెక్కపెట్టినట్లు ఆ ఎముకలో వలయాలు లెక్కపెట్టి చేప వయసు చెబుతారు.

ఇక అసలైన లెక్క. పట్టిన ప్రతి టన్నుకు కనీసం ఒక చేపను, ప్రాణంతో చురుగ్గా ఉన్నదాన్ని ఎంచుకుని, వెన్ను రెక్క దగ్గర నంబరున్న రెండు చిన్న ప్లాస్టిక్ ట్యాగులు గుచ్చి తిరిగి నీటిలో వదిలేస్తారు. కూలి ఇచ్చి, డీజిల్ కాల్చి, కిలోమీటరు లోతు నుంచి లాగిన ఖరీదైన చేపను మళ్లీ నీటిలో వేయడం చూసేవాళ్లకు పిచ్చిపనిలా ఉంటుంది. కానీ ఆ ఏడాదో, తర్వాతి ఏళ్లలోనో ట్యాగున్న చేపలు మళ్లీ ఎన్ని దొరికాయన్న దాన్ని బట్టే సముద్రంలో మొత్తం ఎంత చేప ఉందో అంచనా కడతారు. మన చెరువు లెక్కలో చెబుతాను. చెరువులో 100 చేపలకు గుర్తు పెట్టి వదిలారనుకోండి. కొన్నాళ్లకు వలేసి 1,000 చేపలు పడితే అందులో గుర్తున్నవి 2 వచ్చాయి. అంటే ప్రతి 500 చేపల్లో ఒకటి గుర్తు ఉన్నది. గుర్తు పెట్టినవి 100 కాబట్టి చెరువులో దాదాపు 50 వేల చేపలున్నట్లు. గుర్తున్నవి 2 కాకుండా 20 వచ్చి ఉంటే చెరువులో ఉన్నవి 5 వేలే. గాలి తిత్తి లేని చేప కావడం వల్లే ఈ లెక్క ఇక్కడ సాధ్యమైంది.

ఈ అంచనా మీదనే ఏటా ఎన్ని టన్నులు పట్టవచ్చో నిర్ణయిస్తారు. సూత్రం ఒకటే. రాబోయే 35 ఏళ్లు ఇదే లెక్కన పట్టినా, గుడ్లు పెట్టే చేపల మొత్తం బరువు వేట మొదలుకాక ముందున్న దానిలో సగానికి తగ్గకూడదు. ఆ టన్నులు పూర్తయిన రోజున, సీజన్ ఇంకా మిగిలి ఉన్నా, బోట్లన్నీ తాళ్లు ఎత్తేయాలి.

తిమింగలాలతో పేచీ

వేటగాళ్లకు చేతికొచ్చిన పంట పోయేది ఇక్కడే. వించి శబ్దం వినగానే ఓర్కా తిమింగలాలు, స్పెర్మ్ తిమింగలాలు చేరతాయి. తాడు పైకి వస్తుండగా గాలానికున్న చేపను తినేస్తాయి. కొన్నిసార్లు గాలానికి చేప పెదవులు మాత్రమే మిగిలి వస్తాయి. హిందూ మహాసముద్రం దక్షిణాన ఫ్రాన్స్ పాలనలోని క్రోజే దీవుల దగ్గర ఈ బెడద మరీ ఎక్కువ. మన అడవి పందుల సమస్య ఉన్న రైతుకు ఇది వేరే చెప్పనక్కర్లేదు. తిమింగలాలను కొట్టడానికి, తరమడానికి వీల్లేదు. కెప్టెన్‌కు ఉన్న మార్గం తాడును బోయాకు కట్టి అక్కడే వదిలేసి, పదుల కిలోమీటర్లు దూరం వెళ్లి ఇంకో తాడు లాగడం. కొందరు గాలాల గుత్తి మీద గొట్టం ఆకారంలో వల తొడుగుతారు. తాడు పైకి లాగేటప్పుడు అది జారి చేపను కప్పేస్తుంది.

పట్టిన చేపను కింది అంతస్తులోని ఫ్యాక్టరీలో తల, తోక, ప్రేగులు తీసి, కడిగి, గంటల్లోనే గడ్డకట్టిస్తారు. బుగ్గలు, మెడ ముక్కలు కూడా పారేయరు, వాటికి వేరే ధర ఉంది. కళాసీలు వంతులవారీగా రోజుకు 12 గంటల దాకా పనిచేస్తారు. తాడు వదిలేటప్పుడు చెత్త నీటిలో పారేయడం నిషేధం. పారేసే తలల్లో గాలం మిగిలి ఉండకూడదు. ఎర పెట్టెలకు ప్లాస్టిక్ కట్లు కూడా వాడకూడదు, అవి సీల్ జంతువుల మెడకు చుట్టుకుంటాయి.

పక్షుల కోసం మారిన వేట

చలికాలం వేట, రాత్రి తాడు వదలడం, చెత్త వేయకపోవడం, వీటన్నిటికీ కారణం ఆల్బట్రాస్ పక్షి. రెక్కలు చాపితే 3 మీటర్లకు పైగా ఉండే పెద్ద ఆల్బట్రాస్ రెండేళ్లకు ఒక్క గుడ్డు పెడుతుంది. బోటు వెనుక నీటిలోకి దిగుతున్న ఎరను చూసి వాలుతుంది, గాలం మింగుతుంది, తాడుతోపాటు మునిగి చచ్చిపోతుంది. 1997 సీజన్‌లో సౌత్ జార్జియా చుట్టూ చట్టప్రకారం వేటాడిన బోట్ల గాలాలకే 5 వేలకు పైగా సముద్ర పక్షులు చనిపోయాయని అంచనా.

అప్పుడు చేసిన పనులు చూడండి. పక్షులు గూళ్లు కట్టి పిల్లలను మేపే వేసవిలో వేట మానేసి మే నుంచి ఆగస్టు వరకు శీతాకాలానికి జరిపారు. పగలు కాకుండా రాత్రి తాడు వదలాలన్నారు. తాడు త్వరగా మునిగేలా బరువు పెంచారు. తాడులోనే మీటరుకు కనీసం 50 గ్రాముల సీసం ఉండాలి, లేదా ప్రతి 40 మీటర్లకు 5 కిలోల ఇనుప బరువు కట్టాలి. ఇక నాలుగోది, నాకు బాగా నచ్చినది, బోటు వెనుక ఎత్తైన స్తంభం నుంచి ఒక తాడు కట్టి దానికి రంగుల పట్టీలు వేలాడదీయడం. గాలికి అవి కొట్టుకుంటుంటే పక్షి దగ్గరకు రాదు. దీన్ని మొదట వాడింది జపాన్ మత్స్యకారులు. మన పొద్దుతిరుగుడు, జొన్న చేలల్లో పిట్టలు వాలకుండా మెరిసే రిబ్బన్లు కట్టమని మేం చెప్పేది సరిగ్గా ఇదే. ఖర్చు చాలా తక్కువ.

మరుసటి ఏడాదే మరణాలు వందల్లోకి దిగాయి. ఆ తర్వాత కొన్నేళ్లలోనే పదుల్లోకి, చివరకు దాదాపు లేనట్టే అయింది. నియమం వల్ల వేట ఆగలేదు, వేళ మారింది.

కాగితం లేని చేపకు కొనేవాడు లేడు

ఈ నియమాలు పెట్టేది అంటార్కిటిక్ సముద్ర జీవ వనరుల పరిరక్షణ కమిషన్. పొట్టిగా కామ్లార్ అంటారు. 1982లో అమల్లోకి వచ్చిన ఒప్పందం కింద ఏర్పడింది. ఆస్ట్రేలియాలోని హోబార్ట్ నగరంలో కార్యాలయం ఉంది. మన దేశం కూడా ఇందులో సభ్యురాలే. అందరూ ఒప్పుకుంటేనే అక్కడ నిర్ణయం జరుగుతుంది. ఇందులో మంచీ ఉంది, చెడూ ఉంది. 2021లో రష్యా ఒప్పుకోకపోవడంతో సౌత్ జార్జియా టూత్‌ఫిష్ పరిమితి మీద నిర్ణయమే జరగలేదు. బ్రిటన్ సొంతంగా లైసెన్సులు ఇచ్చింది. దాని మీద తగవు నడిచింది. దేశాలు పోట్లాడుకుంటే ఎంత మంచి నియమమైనా గాలిలో దీపమే.

1990లలో చట్టప్రకారం పట్టిన దానికన్నా దొంగ బోట్లు పట్టినదే ఎన్నో రెట్లు ఎక్కువ ఉండేది. ఆ విశాల సముద్రంలో గస్తీ బోట్లతో అందరినీ పట్టుకోవడం అసాధ్యం. అలాగని ప్రయత్నించలేదని కాదు. 2003లో ఆస్ట్రేలియా గస్తీ నౌక వియార్సా అనే బోటును 21 రోజులు వెంటాడింది. 2014 డిసెంబరులో థండర్ అనే బోటును ఒక స్వచ్ఛంద సంస్థ ఓడ 110 రోజులు వెంటాడితే, 2015 ఏప్రిల్‌లో అది ఆఫ్రికా పక్కన సావో టోమే దగ్గర మునిగిపోయింది. అది వదిలేసి పారిపోయిన గిల్ నెట్ వల పొడవు 70 కిలోమీటర్లకు పైమాటే.

నన్నడిగితే వెంటాడటం కన్నా ఎక్కువ పనిచేసింది ఒక కాగితం. 2000లో మొదలైన పద్ధతి ప్రకారం టూత్‌ఫిష్ ప్రతి సరుకుకూ ఒక పత్రం ఉండాలి. ఏ బోటు, ఏ దేశపు జెండా, ఏ ప్రాంతంలో, ఏ తేదీల్లో, ఎన్ని కిలోలు పట్టింది, ఏ రేవులో దించింది అన్నీ అందులో ఉంటాయి. సరుకు చేతులు మారినకొద్దీ ఆ పత్రం వెంట నడుస్తుంది. పత్రం లేని చేపను ఒప్పందంలో ఉన్న దేశాల రేవుల్లో దించనివ్వరు, దిగుమతి చేసుకోరు. కొనేవాడు లేకపోతే దొంగకు డీజిల్ ఖర్చు కూడా రాదు. దొంగ వేట పూర్తిగా పోలేదు కానీ బాగా తగ్గింది.

రొయ్యల చెరువు ఉన్న చిన్న రైతులు ఈ భాగం జాగ్రత్తగా చదవాలి. మన వనామీ వెళ్లేదీ అవే మార్కెట్లకు. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ జాతి మందుల అవశేషం కాస్త కనిపించినా కంటైనర్ వెనక్కి వస్తుంది. నష్టం చివరికి చెరువు గట్టు మీద ధర తగ్గడంగా మన మీదే పడుతుంది. కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీలో చెరువు నమోదు చేయించుకోండి. పట్టుబడికి ముందు ఎంపెడా ప్రయోగశాలలో పరీక్ష చేయించి ధ్రువపత్రం తీసుకోండి. వీటికి ఆధారం మీ చెరువు పుస్తకమే. పిల్ల ఏ హేచరీది, ఏ తేదీన ఎంత వేశారు, మేత ఏ కంపెనీది, రోజుకు ఎంత, ఏ మందు ఎందుకు వాడారు, దాని బ్యాచ్ నంబరు, ఎవరికి ఎన్ని కిలోలు అమ్మారు రాసి పెట్టుకోవాలి. సాయంత్రం గుర్తుచేసుకుని రాద్దాం అనుకోవద్దు. టూత్‌ఫిష్ బోటులో చేప డెక్కు మీద పడిన గంటలోనే రాస్తారు, అందుకే ఆ రాతకు విలువ.

ఈ బోట్లలో పనికి వెళ్లాలనుకునే యువకులకు

ప్రమాదం దాచిపెట్టి చెప్పడం నాకు ఇష్టం లేదు. 1998 జూన్‌లో ఇదే సౌత్ జార్జియా దగ్గర సుదుర్ హావిడ్ అనే బోటు ఫ్యాక్టరీ గదిలోకి నీరు చేరి మునిగింది. 38 మందిలో 17 మంది చనిపోయారు. 2010 డిసెంబరులో ఇన్‌సంగ్ అనే కొరియా బోటు అంటార్కిటికా వైపు మునిగింది. 42 మందిలో 20 మందే బతికారు. అందులో ఇండోనేషియా, వియత్నాం, ఫిలిప్పీన్స్ నుంచి కూలికి వచ్చినవాళ్లు ఉన్నారు. 2024 జూలైలో ఆర్గోస్ జార్జియా అనే బోటు ఫాక్‌లాండ్ దీవులకు తూర్పున మునిగితే 27 మందిలో 14 మంది మిగిలారు. సున్నా డిగ్రీల నీటిలో ఈత వచ్చినా ఉపయోగం లేదు. కొద్ది నిమిషాల్లోనే చేతులు, కాళ్లు స్వాధీనం తప్పుతాయి. ఒళ్లంతా కప్పే ప్రత్యేకమైన సూటు వేసుకున్నవాడికే గంటలు దొరుకుతాయి.

ఎవరైనా పని ఇప్పిస్తామంటే ముందు బోటు పేరు, ఐఎంఓ నంబరు, ఏ దేశపు జెండానో అడగండి. కామ్లార్ వెబ్‌సైటులో అనుమతి ఉన్న బోట్ల జాబితా, దొంగ వేట బోట్ల జాబితా రెండూ ఎవరైనా చూడవచ్చు. పేరు చెప్పని బోటు ఎక్కవద్దు. ఒప్పంద పత్రం మీకు అర్థమయ్యే భాషలో చదివించుకుని, ఒక నకలు ఇంట్లో పెట్టి వెళ్లండి. జీతం ఏ నెలలో, ఏ ఖాతాలో పడుతుందో, చనిపోతే కుటుంబానికి పరిహారం ఎంతో అందులో ఉండాలి. పాస్‌పోర్టు ఏజెంటు దగ్గర వదలవద్దు, అప్పు చేసి కమిషన్ కట్టవద్దు. చేపల వేట కార్మికులకు 24 గంటల్లో కనీసం 10 గంటలు విశ్రాంతి ఇవ్వాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 188వ ఒప్పందం చెబుతోంది. మీ పత్రంలో ఆ మాట ఉందో లేదో చూడండి.

మన తీరంలో

ఇక మొదటి ప్రశ్న. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు యంత్ర బోట్ల వేట నిషేధం. సౌత్ జార్జియా నియమం మనకు యథాతథంగా పనికిరాదు. అక్కడ ఒకే జాతి చేప, వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్ని బోట్లు, వెనుక పెద్ద పెట్టుబడి. మన దగ్గర వల ఒకసారి లాగితే పదుల రకాల చేపలు, వేల బోట్లు, పూట గడవాల్సిన కుటుంబాలు. అందుకే మనకు టన్నుల పరిమితి కాకుండా కాల పరిమితి పెట్టారు. చాలా రకాల చేపలు, రొయ్యలు గుడ్లు పెట్టే కాలం అది. నిషేధ భృతి సమయానికి చేతికి రాకపోతే మత్స్యకారుడు నియమాన్ని గౌరవించడు, అతన్ని తప్పుపట్టలేం. ఈ మాట అధికారుల సమావేశాల్లో కూడా చెబుతూనే ఉన్నాను. కాబట్టి లబ్ధిదారుల జాబితాలో పేరు, బోటు నమోదు, బ్యాంకు ఖాతా వివరాలు మార్చిలోనే సరిచూసుకోండి. నిషేధం మొదలయ్యాక తిరిగితే ఆలస్యమవుతుంది.

నిషేధం అయ్యాక 61 రోజుల్లో పెరిగిన పిల్లను చిన్న కన్ను వలతో ఒక్క వారంలో ఊడ్చేస్తే ఆ రెండు నెలల పస్తు వృథా. ట్రాల్ వల సంచి కొసన చదరపు కన్ను వల వాడితే చిన్న చేప జారిపోతుంది. తాబేళ్లు తప్పించుకునే చట్రం బిగించండి. ఆలివ్ రిడ్లే తాబేలు విషయంలో మన పరిస్థితి, 1997లో ఆల్బట్రాస్ విషయంలో వాళ్ల పరిస్థితి ఒకటే. తాబేళ్ల పేరుతో మన సముద్రపు రొయ్యను కొనడానికి అమెరికా ఇప్పటికే అడ్డు చెప్పింది కూడా.

బోటు బయలుదేరే ముందు హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ ఇచ్చే అలల హెచ్చరిక, చేపలు దొరికే ప్రాంతాల సమాచారం తప్పక చూడండి. లైఫ్ జాకెట్లు క్యాబిన్ కింద మూటగట్టి ఉంచితే ప్రయోజనం లేదు, చేతికందేలా ఉంచాలి. చేపకు సమానమైన బరువు ఐసు తీసుకెళ్లాలి. మన వేడిలో కిలో చేపకు కిలో ఐసు తప్పదు. వాళ్లకు సముద్రమే ఐసు పెట్టె, మనం కొనుక్కోవాలి. ఏ రోజు, ఎంత లోతులో, ఏ రకం చేప ఎంత పడిందో సరంగు ఒక పుస్తకంలో రాయడం ఈ సీజన్ నుంచే మొదలుపెట్టండి. మత్స్యశాఖ సహాయకులు వచ్చినప్పుడు ఆ పుస్తకం చూపిస్తే మీ రేవులో ఏ చేప తగ్గుతోందో మూడు నాలుగేళ్లకు మీ లెక్కతోనే మాట్లాడవచ్చు.